ముందు స్టాండు, తర్వాతే ఓడ: పెద్ద రెసిన్ అంతరిక్ష నౌకను కట్టడంలో అసలు చిక్కు

అంతరిక్ష నౌక మోడల్ కిట్ పెట్టె విప్పి ముక్కలన్నీ చాప మీద పరిస్తే సగం గది నిండింది. మీగడ రంగులో, చేతికి కాస్త జిడ్డుగా తగిలే అరవై డెబ్బై ముక్కలు. వాటిలో పెద్దది ఇంజిన్ భాగం. అదొక్కటే రెండున్నర కిలోల పైన తూగింది. వాటితో వచ్చిన కాగితం మాత్రం ఒక్కటే. ఓడ పూర్తయ్యాక ఎలా ఉంటుందో నాలుగు వైపుల నుంచి తీసిన ఫోటోలు అందులో ఉన్నాయి. అక్కడి దాకా ఎలా వెళ్లాలో మాత్రం లేదు.

మామూలు ప్లాస్టిక్ కిట్‌కు ఈ ఇబ్బంది ఉండదు. ముక్కల మీద నంబర్లుంటాయి, పుస్తకంలో అంచెలంచెలుగా బొమ్మలుంటాయి, వాటి వెంట పోతే చాలు. ద్రవంగా అచ్చులో పోస్తే గట్టిపడే రెసిన్‌తో చేసిన పెద్ద కిట్‌లో ఆ పుస్తకం మనమే రాసుకోవాలి. నల్లగొండలో మా ఇంట్లో ఈ మూడడుగుల ఓడ నిలబడటానికి ఏడాదిన్నర పట్టింది. అతికించడానికి, రంగు వేయడానికి పట్టిన కాలం అందులో కొంతే. ఏది ముందు, ఏది వెనక అని తేల్చుకోవడానికి, తేల్చుకోకుండా చేసినవాటిని విప్పి మళ్లీ చేయడానికే ఎక్కువ పట్టింది. ఈ పని మొదలుపెట్టాలని అడిగేవాళ్లందరూ ఏ గమ్ము మంచిది, ఏ రంగు మంచిది అని అడుగుతారు. నా లెక్కలో అవి తేలికైన ప్రశ్నలు. కష్టమైనది వరుస.

పుట్టపాకలోనో పోచంపల్లిలోనో మగ్గం పని దగ్గరగా చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ బట్ట నేశాక అద్దకం వేయరు. నూలుకే ముందుగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. చీర మీద ఏ పువ్వు ఎక్కడ పడాలో మగ్గం ఎక్కించక ముందే దారంలో ఉండాలి. నేత మొదలయ్యాక మార్చడానికి వీలుండదు. రెసిన్ ఓడ కూడా అలాంటిదే. లైటు ఎక్కడ వెలగాలి, తీగ ఎటు నుంచి బయటికి రావాలి, బరువంతా దేని మీద ఆగాలి అన్నవి మూత అతికించక ముందే లోపల ఉండాలి.

రెసిన్‌లోనే ఎందుకు చేస్తారు

ప్లాస్టిక్ కిట్లు చేసేటప్పుడు కరిగించిన పాలీస్టైరీన్‌ను ఎక్కువ ఒత్తిడితో ఉక్కు అచ్చుల్లోకి ఎక్కిస్తారు. ఆ అచ్చు చేయించడమే పెద్ద ఖర్చు. వేలకు వేలు అమ్ముడుపోతేనే గిట్టుబాటు అవుతుంది. మూడడుగుల అంతరిక్ష నౌక కొని ఇంట్లో పెట్టుకునేవాళ్లు ఎక్కడైనా కొద్దిమందే కాబట్టి దానికి దారి వేరు. మొదటి నమూనాను చేత్తో చేసి, దాని చుట్టూ సిలికాన్ రబ్బరు పోసి మెత్తటి అచ్చు తీస్తారు. రెండు ద్రవాలను కలిపితే గట్టిపడే పాలీయురెథేన్ రెసిన్‌ను ఆ అచ్చులో పోస్తారు. ఇంట్లో ఒక మూల పెట్టుకుని కూడా చేయగలిగిన పని. ఇలా చిన్న ఎత్తున చేసేవాటికి గ్యారేజ్ కిట్లు అన్న పేరు జపాన్‌లో 1980ల నుంచి బాగా నిలబడింది. సిలికాన్ అచ్చు కొన్ని పదుల ముక్కలు తీసేసరికి చిరుగులు పడుతుంది కాబట్టి కిట్లు కూడా తక్కువే వస్తాయి, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది.

కిట్‌లో మనకు కనిపించే లోపాలన్నీ ఈ తయారీ పద్ధతి నుంచే పుడతాయి. ముక్క మీద జిడ్డు ఉందంటే అది అచ్చుకు అంటుకోకుండా రాసిన మందు. దాన్ని కడగకపోతే గమ్మూ పట్టదు, రంగూ పట్టదు. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్షు సరిపోతాయి. మా దగ్గర బోరు నీళ్లతో ఆఖరున జాడిస్తే ఆరాక తెల్లటి ఉప్పు మచ్చలు మిగులుతాయి. అందుకే చివరిసారి తాగే ఫిల్టర్ నీళ్లతోనే కడిగాను.

ముక్కల్లో చిన్న చిన్న బుడగలు కనిపిస్తే కొన్ని పోసేటప్పుడు చిక్కుకున్న గాలివి, మరికొన్ని తేమవి. రెసిన్‌లోని ఐసోసయనేట్ అనే రసాయనానికి నీటి తేమ తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, అదే లోపల బుడగై నిలిచిపోతుంది. గట్టిపడేటప్పుడు రెసిన్ వేడెక్కుతుంది. మందంగా ఉన్నచోట ఎక్కువ వేడెక్కి, ఎక్కువ కుంచించుకుపోతుంది. ఎడమ సగమూ కుడి సగమూ ఒకే నమూనాకు రెండు పక్కలైనా అంచు అంచుకు కలవకపోవడానికి కారణం ఇదే. నా కిట్‌లో వెనక భాగం దగ్గర రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. ఇది ఎవరి తప్పనీ నేను అనుకోను. ఆ పదార్థం గుణమే అంత.

బరువు, ఎండ

రెసిన్ చాలా బరువైన పదార్థం అని అందరూ అంటారు. నిజానికి పాలీస్టైరీన్‌కూ పాలీయురెథేన్ రెసిన్‌కూ సాంద్రతలో పెద్ద తేడా లేదు. రెండూ నీటి కంటే కొంచెమే బరువు. ప్లాస్టిక్ ముక్కలు లోపల డొల్లగా, గోడలు మిల్లీమీటరు మందంతో ఉంటాయి. రెసిన్ ముక్కలు చాలావరకు గట్టి దిమ్మలు. 30 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 6 మందం ఉన్న దిమ్మ 1,800 ఘన సెంటీమీటర్లు, అంటే దాదాపు 1.9 కిలోలు. బరువంతా ఇక్కడి నుంచే వస్తుంది.

దీని మీద కొలత పెరిగేకొద్దీ వచ్చే లెక్క ఒకటుంది. అదే ఆకారాన్ని రెండింతల పొడవుతో చేస్తే బరువు ఎనిమిది రెట్లవుతుంది. ఆ బరువు మోసే మెడను అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం మాత్రం నాలుగు రెట్లే పెరుగుతుంది. అడుగున్నర ఓడలో ఫెవిక్విక్ చుక్కతో నిలిచిన అతుకు మూడడుగుల ఓడలో విరిగేది ఇందుకే. చిన్న మోడళ్ల అనుభవంతో పెద్దదానికి దిగినవాళ్లు మొదట దెబ్బతినేది ఇక్కడే, నాతో సహా.

నా ఓడ ఆకారం ఇలా ఉంటుంది. వెనక బరువైన ఇంజిన్ భాగం, మధ్యలో సన్నటి పొడవాటి మెడ, ముందు గుండ్రటి తల. తల 1.1 కిలోలు. అది మెడ మొదలు నుంచి అర మీటరు దూరాన, కింద ఏ ఆధారమూ లేకుండా ఉంటుంది. నిండు బిందెను చేయి చాచి పట్టుకుంటే భుజం ఎంత లాగుతుందో తెలుసు కదా, మెడ మొదలులో ఉన్న అతుకు మీద పడేది ఆ లాగుడే. మొదటిసారి నేను మెడను రెండు ఇత్తడి పిన్నులు, అరాల్డైట్ పెట్టి అతికించాను. ఏప్రిల్‌లో గట్టిగానే ఉంది. మే నెలలో పెళ్లికని ఊరికి వెళ్లి, నాలుగు రోజులు గది మూసి వచ్చాం. పై అంతస్తు, నేరుగా స్లాబు కింద ఉన్న గది, పడమటి కిటికీ. తలుపు తీసేసరికి అతుకు చెక్కుచెదరలేదు కానీ మెడ మధ్యలో వంగిపోయి ఉంది. ముక్కు బల్లను తాకుతోంది.

మా ఆవిడ దాన్ని చూసి, "విరగలేదు కదా, వంగిందంతే" అంది. ఆ మాటతోనే నాకు విషయం తోచింది. విరగడం వేరు, వంగడం వేరు. కొన్ని రకాల కాస్టింగ్ రెసిన్లు 50 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడతాయి. మన దగ్గర మే నెలలో బయటే 44, 45 ఉంటుంది. మూసిన గదిలో, స్లాబు కింద, ఎండ పడే కిటికీ పక్కన అది ఎంత దాకా పోతుందో చెప్పక్కర్లేదు. పైగా ఆ వేడి దాకా పోకున్నా, ఆగకుండా బరువు పడుతుంటే రెసిన్ నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. చల్లటి దేశాల్లో కట్టేవాళ్లు చెప్పిన పద్ధతి అక్కడికి సరిపోతుంది. ఇక్కడ ఎండాకాలాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

మెడను విప్పి, 60, 70 డిగ్రీల వేడినీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచాను. గట్టిపడ్డ రెసిన్‌కు ఒక మంచి గుణం ఉంది. వేడి తగిలితే అచ్చులో ఉన్నప్పటి ఆకారానికి తిరిగి రావాలని చూస్తుంది. చాలావరకు దానంతట అదే తిన్నగా అయింది. మిగిలిన కాస్త వంపును అద్దం పలక మీద పెట్టి వేళ్లతో నొక్కి, అలాగే చల్లనీళ్లలో ముంచాను. కానీ తిన్నగా చేయడం మందు కాదు, మళ్లీ మే నెల వస్తుంది. బరువు మోసే పని రెసిన్ నుంచి తీసేసి లోహానికి ఇవ్వాలి.

అందుకని మెడ లోపల ఈ చివర నుంచి ఆ చివర దాకా రంధ్రం తొలిచి, కిటికీలు చేసే షాపులో దొరికే అల్యూమినియం చదరపు గొట్టం దూర్చాను. గొట్టం ఇంజిన్ భాగంలోకి 15 సెంటీమీటర్ల లోపలికి పోతుంది, ముందు తలలోకి 6 సెంటీమీటర్లు. ఇప్పుడు తలను మోసేది గొట్టం. రెసిన్ మెడ దానికి తొడిగిన చొక్కా మాత్రమే.

ఇక్కడ ఇంకో సంగతి చూసుకోవాలి. వేడికి రెసిన్ అల్యూమినియం కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. అర మీటరు మెడ, చలికాలానికీ ఎండాకాలానికీ మధ్య పాతిక డిగ్రీల తేడా అనుకుంటే, రెసిన్ ఒక మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. అల్యూమినియం మిల్లీమీటరులో మూడో వంతు కూడా పెరగదు. రెండు చివరలా అరాల్డైట్ లాంటి ఎపాక్సీ గమ్ముతో బిగించేస్తే ఆ తేడా ఎక్కడో ఒకచోట పగులై బయటపడుతుంది. అందుకే రెసిన్ మెడను గొట్టానికి వెనక చివర ఒక్కచోటే అతికించాను. ముందు చివర బిగుతుగా కూర్చున్నా గొట్టం మీద కదలగలదు. తల కింద ఉండే పట్టీ ఆ సందును కప్పేస్తుంది. రైలు పట్టాల మధ్య ఖాళీ వదిలినట్టే.

స్టాండు ఎక్కడ పెట్టాలి

ఓడ మధ్యలో రాడ్డు పెడితే సరిపోతుందనుకుంటాం. నా ఓడ పొడవు 90 సెంటీమీటర్లు కాబట్టి మధ్య అంటే 45. ముక్కలన్నిటినీ మాస్కింగ్ టేపుతో తాత్కాలికంగా కలిపి, తాడుతో వేలాడదీసి చూస్తే అది సమంగా నిలిచింది వెనక నుంచి 37 సెంటీమీటర్ల దగ్గర. ఇంజిన్ బరువు తూకాన్ని ఎనిమిది సెంటీమీటర్లు వెనక్కి లాగింది. మధ్యలో రాడ్డు పెట్టి ఉంటే ఎప్పుడూ వెనక్కి ఒరగాలని చూస్తూ ఉండేది.

తూకం చూసే ఈ పని రంగు, పైన అతికించే చిన్న చిన్న వివరాలు, లైట్లు అన్నిటికంటే ముందు చేయాలి. ఎందుకంటే ఆ చోటే ఓడ లోపలి చట్రానికి మూలం. మెడ గొట్టం, స్టాండు రాడ్డు, కరెంటు తీగ మూడూ అక్కడే కలుస్తాయి. గట్టి రాడ్డు బదులు గొట్టం వాడితే తీగలు దాని లోపల నుంచే కిందికి పోతాయి, బయట ఏమీ కనిపించదు. లేత్ షాపులో 12 మిల్లీమీటర్ల స్టీలు పైపుకు ఒక చివర మరలు కోయించి, దానికి సరిపోయే నట్టు వెల్డు చేసిన ప్లేటు చేయించుకున్నాను. ప్లేటు ఓడ కడుపులో ఎపాక్సీలో కూర్చుంది. పైపు మర తిప్పితే ఊడి వస్తుంది.

టెలివిజన్‌లో వచ్చిన స్టార్ ట్రెక్ కోసం 1964లో కట్టిన ఎంటర్‌ప్రైజ్ నౌక మోడల్ పొడవు 11 అడుగుల పైనే. ఎక్కువ భాగం కలపతో చేశారు. దానికి లైట్లు పెట్టినప్పుడు తీగలు ఎడమ పక్క నుంచి బయటికి వచ్చేవి, ఆ పక్క పనితనం కూడా పూర్తి చేయలేదు. అందుకే కెమెరా దాన్ని కుడి వైపు నుంచే చూపిస్తూ వచ్చింది. 1974 నుంచి అది అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థ దగ్గర ఉంది. తీగ ఎటు పోతుందన్నది ఓడ ఏ ముఖం చూపించాలో నిర్ణయించింది. మనకు కెమెరా కోణం అన్న వెసులుబాటు లేదు. ఇంటికొచ్చినవాళ్లు చుట్టూ తిరిగి చూస్తారు.

లైట్లు

లైట్ల లెక్క అనుకున్నంత కష్టం కాదు. తెల్ల ఎల్‌ఈడీ ఒక్కొక్కటి దాదాపు 3 వోల్టులు తీసుకుంటుంది. 12 వోల్టుల అడాప్టర్‌కు మూడింటిని వరుసగా కలిపితే 9 వోల్టులు వాటికి పోగా 3 మిగులుతాయి. 220 ఓముల రెసిస్టర్ పెడితే కరెంటు 13, 14 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. గరిష్ఠంగా 20 తట్టుకునే ఎల్‌ఈడీని 14 దగ్గర నడిపితే వేడి తక్కువ, ఆయుష్షు ఎక్కువ. మూసేసిన ఓడలో ఆ రెండూ ముఖ్యమే.

కష్టమంతా తీగలతో వస్తుంది. మామూలు వైరు పెడితే మెడ గొట్టంలో చోటు చాలదు. దీనికి పరిష్కారం మా బజార్లోనే ఉంది. ఎండాకాలం వస్తే బోరు మోటార్లు కాలిపోయి వైండింగ్ షాపుల ముందు వరుస కడతాయి. అలాంటి షాపులోనే ఫ్యాన్లకు చుట్టే సన్న రాగి తీగ అడిగాను.

"గింత సన్న తీగతోని ఏం తిప్పుతవన్నా?" అన్నాడాయన.

"తిప్పేది లేదన్నా, చిన్న లైట్లకు."

ఆయన ఒక మూర తీగ తెంపి నా చేతికిచ్చి, చివర పూత ఎలా తీయాలో చూపించాడు. నేను జేబులోంచి కత్తి తీయబోతే వద్దన్నాడు. ఎమ్రీ పేపరు ముక్కను మడిచి, తీగ చివరను ఆ మడతలో పెట్టి, రెండు వేళ్లతో తేలిగ్గా నొక్కి బయటికి గుంజాడు. తీగను కొంచెం తిప్పి మళ్లీ గుంజాడు. మూడోసారికి ఎర్రటి పూత పోయి రాగి మెరిసింది. కత్తితో గీకితే గాటు పడుతుందట, గాటు పడ్డచోట రేపు తెగుతుందట. నేను దాదాపు 200 చివరలు అలాగే తీశాను. మూసేశాక ఓడలో ఒక్క తీగ కూడా తెగలేదు.

కిటికీలకు ఎల్‌ఈడీలు పట్టవు కాబట్టి అక్కడ వెలుతురును ఒక చివర నుంచి ఇంకో చివరకు మోసే ఫైబర్ తీగలు. పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు మందం ఉన్నవి వాడాను. ఒక ఎల్‌ఈడీ ముందు 40 తీగల కట్ట పెడితే 40 కిటికీలు వెలుగుతాయి. ఈ తీగలు అక్రిలిక్ ప్లాస్టిక్‌వి. వాటికి ఫెవిక్విక్ లాంటి గమ్ము తగిలితే పెళుసుబారి, చిన్న కదలికకే పుటుక్కున విరుగుతాయి. తెల్ల ఫెవికాల్ గానీ ఎపాక్సీ గానీ వాడాలి. నేను తెల్లదే వాడాను. ఆరడానికి రాత్రంతా పట్టినా పర్వాలేదు.

రెసిన్ గుండా వెలుతురు కారుతుందన్న విషయం మర్చిపోవద్దు. పలుచగా ఉన్నచోట లోపల ఎల్‌ఈడీ పెడితే ఓడ ఒళ్లంతా లాంతరు చిమ్నీలా మెరుస్తుంది. లోపలి గోడలకు మొదట నల్ల రంగు, దాని మీద తెలుపు వేయాలి. నలుపు వెలుతురును ఆపుతుంది, తెలుపు కిటికీల వైపు తిప్పుతుంది. అతుకుల సందులను కూడా చూసుకోవాలి. పగలు ఇవి తెలియవు. ఒక రాత్రి వీధంతా కరెంటు పోయినప్పుడు పవర్ బ్యాంకు నుంచి వోల్టేజీ పెంచే చిన్న బోర్డుతో ఓడను వెలిగించి చూస్తే, పూర్తయిందనుకున్న వెనక భాగంలో ఏడు చోట్ల సన్న గీతల్లా వెలుగు కనిపించింది. మూత ఇంకా అతికించలేదు కాబట్టి మర్నాడే సరిచేయగలిగాను.

వివరాలు: కొలత ముందు, అలంకారం తర్వాత

ఓడ ఎంత పెద్దదో చూసేవాడి కన్ను నమ్మాలి. దీనికి ఎక్కువ వివరాలు అతికించడం ఒక్కటే దారి అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను.

నా కిట్ 1:1000 కొలతలో ఉంది. అంటే ఊహలో ఓడ పొడవు 900 మీటర్లు. ఈ అంకె తలకెక్కాలంటే నాగార్జునసాగర్‌ను అదే కొలతకు కుదించి చూడాలి. 124 మీటర్ల ఎత్తున్న డ్యాం 12.4 సెంటీమీటర్లవుతుంది. దాదాపు 1,450 మీటర్ల రాతి కట్టడం మీటరున్నరకు కొంచెం తక్కువ. 26 క్రెస్టు గేట్లలో ఒక్కొక్కటి సుమారు 14 మిల్లీమీటర్ల ఎత్తు, 13 మిల్లీమీటర్ల వెడల్పు. గేటు ముందు నిలబడ్డ మనిషి 1.7 మిల్లీమీటర్లు, అంటే నూక గింజంత.

ఇప్పుడు కిట్ మీదున్న ప్యానెల్ గీతలు, అంటే పలకల మధ్య అతుకుల్లా చెక్కిన గీతలు చూడండి. గీత వెడల్పు 0.3 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. 1:1000లో అది 30 సెంటీమీటర్ల సందు. ఓడ ఒళ్లంతా కాలు ఇరుక్కునేంత పగుళ్లు ఉన్నట్టు. చేతిలో పట్టుకుని చూస్తే గీతలు అందంగా ఉంటాయి, అవే ఓడను బొమ్మను చేస్తాయి. సాగర్ దిగువన వంతెన మీద నిలబడి డ్యాం చూసినవాళ్లకు తెలుసు, అక్కడి నుంచి రాళ్ల మధ్య అతుకులు కనిపించవు. గేట్ల మధ్య స్తంభాల నీడలు, నీళ్లు జారిన చోట రంగు మారిన మేర, ఇవే కనిపిస్తాయి. పెద్ద వస్తువును పెద్దదిగా చూపేది నీడ, రంగు తేడా. అందుకే సగానికి పైగా గీతలను పలుచటి లప్పంతో పూడ్చేశాను. ఆ ప్యానెళ్లను ఒకే బూడిద రంగులో కాస్త ముదురు, కాస్త లేత ఛాయలతో విడదీశాను. నెలల పనిని పూడ్చేస్తున్నావా అని ఒక స్నేహితుడు బాధపడ్డాడు. రంగు వేశాక చూసి మాట మార్చాడు.

ఇక అతికించే వివరాలు. సినిమా మోడళ్లు చేసేవాళ్లు వీటిని గ్రీబుల్స్ అంటారు. 1977లో వచ్చిన స్టార్ వార్స్ కోసం ఓడలు కట్టినవాళ్లు యుద్ధ ట్యాంకులు, కార్లు, నౌకల ప్లాస్టిక్ కిట్లు కొని, వాటి ముక్కలను విడదీసి ఓడల మీద అతికించారు. ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. అయితే ముక్కలు దొరికినంత మాత్రాన అవి యంత్రంలా కనిపించవు. చేతికొచ్చినట్టు చల్లితే చెత్త కుప్పలా కనిపిస్తాయి.

యంత్రం ఎలా కనిపిస్తుందో నేను నేర్చుకున్నది మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర. బాయిల్డ్ రైసు మిల్లును బయట నుంచి ఒక గంట తీరిగ్గా చూడండి. వడ్లు గుంటలో పడి ఎలివేటరులో పైకి పోతాయి. క్లీనరు నుంచి నానబెట్టి ఉడికించే ట్యాంకులకు, అక్కడి నుంచి డ్రయ్యర్లకు, తర్వాత పొట్టు తీసే మిషన్లకు. ఊక గొట్టంలో ఎగిరి బాయిలరు వైపు పోతుంది, బాయిలరు నుంచి ఆవిరి పైపు మళ్లీ ట్యాంకుల దగ్గరికే వస్తుంది. పైకి చూస్తే ఇనుప గొట్టాల అడవి. కానీ ఏ గొట్టాన్ని పట్టుకున్నా ఒక చోట మొదలై ఇంకో చోట ముగుస్తుంది. లావు గొట్టం గాలికి, గుడ్డ చుట్టింది వేడికి, సన్నది నీళ్లకు. ఒకే రకం డ్రయ్యర్లు పక్కపక్కనే మూడో నాలుగో నిలబడి ఉంటాయి. వాటి వెనక పెద్ద ఖాళీ రేకు గోడ ఉంటుంది, దాని మీద ఏమీ ఉండదు. ఆ ఖాళీ గోడ వల్లే ముందున్న యంత్రాలు కంటికి ఆనతాయి.

ఓడ మీద నేను పెట్టుకున్న నియమాలన్నీ ఆ గోడ ముందు నిలబడి రాసుకున్నవే. గొట్టం పెడితే దానికి మొదలూ చివరా ఉండాలి. ఒకే రకం ముక్క మూడు నాలుగు సార్లు వరుసగా రావాలి. ఇంజిన్ పక్కన రద్దీ, ఒంటి మీద ఖాళీ.

ముక్కల కోసం బజారంతా తిరిగాను. పాడైన మొబైల్ చార్జర్ల లోపలి భాగాలు, రీఫిల్ గొట్టాలు, వాచీ పళ్లచక్రాలు పనికొచ్చాయి. అన్నిటికంటే మంచి ఆకారాలు బత్తాయి తోటల డ్రిప్పు సామానులో దొరికాయి. డ్రిప్పర్ మూత మీద సన్నటి గాడులు, జాయింటర్ల మెట్లు మెట్లుగా ఉన్న చివరలు అచ్చం ఇంజిన్ కవాటాల్లా ఉంటాయి. కానీ అవి పాలీఇథిలీన్‌తోనో పాలీప్రొపిలీన్‌తోనో చేసినవి. వాటికి గమ్ము పట్టదు, రంగు పట్టదు. ఆరిన మర్నాడే గోటితో తోస్తే ఊడి వస్తాయి. గోటితో గీస్తే మైనంలా జారుగా తగలడం వాటి గుర్తు. దానికి దారి, ఆ ముక్కకు చిన్న సిలికాన్ అచ్చు తీసి అందులో రెసిన్ పోసుకోవడం. ఒక్క డ్రిప్పర్ నుంచి 24 కవాటాలు తీశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి, అన్నీ గట్టిగా అతుక్కున్నాయి. కిట్ చేసినవాళ్లు ఏం చేశారో అదే పనిని అరచేతిలో చేసి చూశాక, కిట్‌లోని బుడగల మీద నాకున్న కోపం కూడా పోయింది.

రంగు, దుమ్ము

రంగు గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ఒక్క ముక్కే చెబుతాను. ఎండాకాలంలో మధ్యాహ్నం స్ప్రే చేస్తే రంగు ముక్కను చేరేలోపే గాలిలో ఆరిపోయి, ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. తెల్లవారుజామున ఐదింటికి లేచి ఏడు లోపు ముగించాను. థిన్నర్ కాస్త ఎక్కువ కలిపాను. మే నెల పొడి గాలిలో ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ కూడా ఆలస్యంగా పడుతుంది, ఎందుకంటే అది గట్టిపడేది గాలిలోని తేమతోనే. వానాకాలంలో చటుక్కున పడుతుంది కానీ చుట్టూ తెల్లటి మసక వదులుతుంది.

దుమ్ము సంగతి మాత్రం ఒకటికి రెండుసార్లు చెప్పాలి. గట్టిపడ్డ రెసిన్‌ను ముట్టుకుంటే ఏమీ కాదు. కానీ దాన్ని అరగదీస్తే వచ్చే పొడి చాలా సన్నం. ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడే ఉంటుంది. ముక్కుకు రుమాలు కట్టుకుంటే ఆగదు. కనీసం ఎన్-95 మాస్కు పెట్టుకోండి. వీలైనంతవరకు పొడిగా కాకుండా తడిపి, టబ్బులో నీళ్లు పోసుకుని వాటర్ పేపర్‌తో అరగదీయండి. 400 నంబరుతో మొదలుపెట్టి 1000 దాకా పోతే సరిపోతుంది. ఆ నీళ్లను తేర్చి, అడుగు మట్టిని కాగితంలో చుట్టి పారేయండి. సొంతంగా రెసిన్ పోసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గట్టిపడని ఐసోసయనేట్ ఆవిరి కొందరికి ఉబ్బసం తెస్తుంది. ఒకసారి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా పడదు. ఆ పని ఆరుబయట, చేతులకు గ్లోవ్స్ వేసుకుని, పిల్లలు లేనప్పుడు చేయాలి.

మూసేయకుండా వదిలినవి

ఇంత చెప్పి, ఓడను పూర్తిగా అతికించేశానా అంటే లేదు. తల భాగం ఇప్పటికీ విడిగానే ఉంది. అల్యూమినియం గొట్టం మీదికి జారి, కింది నుంచి ఒక మరతో బిగుస్తుంది. మధ్యలో రెండు పిన్నుల కనెక్టర్. లోపల ఎల్‌ఈడీ పోతే మర విప్పి మార్చొచ్చు. ఇంజిన్ వెనక మూత చిన్న అయస్కాంతాల మీద ఆగుతుంది. స్టాండు పైపు ఊడుతుంది కాబట్టి ఓడ మొత్తం రెండు పెట్టెల్లో సర్దుకుంటుంది. మొన్న హైదరాబాద్ తీసుకెళ్లినప్పుడు బస్సులో ఒక పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను, రెండోది కాళ్ల దగ్గర.

ఇంట్లో దాని చోటు కూడా మారింది. పై గది నుంచి కింది గదికి, పడమటి కిటికీ నుంచి తూర్పు గోడకు. నేరుగా ఎండ పడితే రెసిన్ పసుపెక్కుతుంది కూడా. రెండు మే నెలలు దాటాయి. ప్రతి జూన్ మొదట్లో బల్ల మీద స్కేలు నిలబెట్టి ముక్కు ఎత్తు కొలుస్తున్నాను. మొదటి ఏడు 31.4 సెంటీమీటర్లు, ఈ ఏడూ 31.4.